కత్తిరించిన నాలుగు నిమిషాలు

కృష్ణానగర్‌ల రెండో అంతస్తు. గోడలకు గుడ్ల అట్టలు.
ఒక మైకు, గోరువెచ్చని నీళ్ల సీసా, నేను.
తెర మీద శరభయ్య నోరు తెరుస్తడు,
నేను అండ్ల మాట పోస్త.

పదిహేడేండ్ల సంది గిదే పని.
హీరోకు నా గొంతు పనికిరాదంటరు.
విలన్‌కైతే మా యాస మంచిగ అతుకుతదంట.
నవ్విన, పైసలు తీస్కున్న.

మొదటి రోజు శరభయ్య ఇంకా విలన్ కాలే.
ఉస్మానియా దవాఖాన మెట్ల మీద కూసున్నడు,
చేతుల బిడ్డ చెప్పు. ఎడమ కాలుది.
కుడికాలుది నాల తీస్కపోయింది.
వచ్చేటోళ్లను పోయేటోళ్లను ఆపి అడుగుతున్నడు
"గిది ఎవరిదో ఎరుకనా సార్?"
ఎవరిదో తనే చెప్తే
బిడ్డ పోయినట్టే గదా.

అద్దం అవతల డైరెక్టర్ సారు బటన్ నొక్కిండు:
"ఆగన్నా, ఈ సీన్లో యాస వద్దు.
ఏడుపు మంచి తెలుగులో ఉండాలి."
సరే అన్న.
"ఇది ఎవరిదో మీకు తెలుసా అండీ?"
అరువు తెచ్చుకున్న అంగీ లెక్క
ఏడుపు భుజాల కాడ వదులైంది.

దుఃఖం ముందుగాల ఎవరినీ ఏమనది.
పల్లం దొరికితే పారుతది, గంతే.
కౌంటర్ కాడికి పోయింది, రేపు రమ్మన్నరు.
ఠాణా కాడికి పోయింది, కాయిదం లేదన్నరు.
పెద్ద సారు కారద్దం దించనే దించలే.
నాల మీద స్లాబు పోసి ఇండ్లు కట్టినోళ్లు
వానకాలం నీళ్లు నట్టింట్లకు వస్తే
నీళ్లను తిడతరు.

నిడివి ఎక్కువైందని ఎడిటర్ నాలుగు నిమిషాలు కోసిండు.
మెట్లు పోయినయి, చెప్పు పోయింది.
ఇప్పుడు శరభయ్య సినిమాల సొచ్చుడే
నవ్వుకుంట సొస్తడు, చేతుల కత్తి.
చెప్పు పట్టుకున్నట్టే పట్టుకుంటడు దాన్ని,
రెండు చేతులతోని, ఛాతికానిచ్చి.
ఎందుకో సూసేటోళ్లకు సమజ్ కాదు.

ఆ నవ్వుకు పదకొండు టేకులు.
"ఇంకా భయం రావాలన్నా."
పన్నెండోసారి ఊపిరి పీల్చిన కాడ
కడుపుల నుంచి వేరేదేదో లేచింది.
నోటిదాక వచ్చేసరికి నవ్వైంది.
"ఇదీ! ఇదే కావాలి!" చప్పట్లు కొట్టిన్రు.
నీళ్ల సీస మూత పెట్టరాలే నాకు.

మా నర్సింలు సంగతి స్టూడియోల ఎవరికి చెప్పలే.
తాడు లేకుంట మ్యాన్‌హోల్ల దింపిన్రు వాణ్ణి.
కాంట్రాక్టరు చాదర్‌ఘాట్‌ల మూడంతస్తులు లేపిండు,
గృహప్రవేశానికి మమ్ములను గూడ పిలిచిండు.
పోయిన.
పులిహోర తిన్న.
"ఇంకొంచెం వేస్కో ఆగయ్యా" అంటే
ఇస్తరి ముందుకు జరిపిన.

క్రాస్‌రోడ్స్ కాడ మార్నింగ్ షో.
హీరో పొడుస్తుంటే ఒకటే ఈలలు,
నా పక్క పోరడు కుర్చీ ఎక్కి ఎగురుతున్నడు.
శరభయ్య ఆఖరి మాట పాట కింద మునిగింది.
పెదవులు మాత్రం కదులుతున్నయి.
ఆ మాట నాకెరుక. ఆ రోజు సారు ఫోన్‌ల ఉంటే
చల్లగ నా యాసలనే చెప్పేసిన,
"గిది ఎవరిదో ఎరుకనా సార్?"
ఎవ్వరికి ఇనపడలే.

బయట ఇరానీ హోటల్ల చాయ్ చెప్పుదామంటే గొంతు రాలే.
వేలు చూపెట్టిన, ఒకటని.
చల్లారిందాక దాన్నే సూసుకుంట కూసున్న.
మీద మీగడ కట్టింది.

మా ఇల్లు బోరబండల.
ఆటో ఆగింది. "ఏడికన్నా?"
పొద్దుగాల సంది రాని మాట
అప్పుడొచ్చింది,
"చాదర్‌ఘాట్."